చట్రంలో ఆకాశం

ఆకాశాన్ని ఫోటో తీసే మనిషి చేసే మొదటి పని వదిలేయడం. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే అడ్డంగా సుమారు 40 డిగ్రీలు, నిలువుగా 27 డిగ్రీల మేర దృశ్యం పడుతుంది. దిక్కు నుంచి దిక్కు దాకా కనిపించే ఆకాశంలో అది దాదాపు ఇరవయ్యో వంతు. ఫ్రేమ్‌లో సగం నేలకు ఇస్తే ఆకాశానికి మిగిలేది నలభయ్యో వంతు. మిగతా ముప్పై తొమ్మిది వంతుల్లో పిడుగులు పడుతున్నా, హరివిల్లు విరిసినా ఆ ఫోటోకు పట్టదు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని క్రాప్ చేసినప్పుడు ఆ ఒక్క వంతులోనూ కొంత పోతుంది. ఇంత పోయాక మిగిలినదాన్ని ఆకాశం అనవచ్చా? చట్రం అంచు దగ్గర తెగేది ఏమిటి? అలా తెంచే హక్కుకు హద్దు ఎక్కడ? ఇవి ఫోటోగ్రాఫర్ల ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, వీటిలో మొదటి రెండూ కెమెరా పుట్టక ముందు నుంచీ మన దర్శనాల్లో చర్చకు వస్తూ ఉన్నవే.

ముందుగా ఆకాశం కంటికి కనిపించే వస్తువేనా అన్నది తేల్చుకోవాలి. తైత్తిరీయోపనిషత్తు సృష్టిక్రమంలో ఆత్మ నుంచి మొట్టమొదట వెలువడింది ఆకాశం. వాయువు, అగ్ని, నీరు, నేల ఆ తర్వాతివి. న్యాయ వైశేషికుల లెక్కలో ఆకాశం ఒక్కటే, నిత్యం, అంతటా వ్యాపించినది. దాని గుణం శబ్దం. దానికి రూపం లేదు కాబట్టి కంటికి అందదు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లో అధ్యాసను వివరిస్తూ ఇదే ఉదాహరణ తెచ్చారు. తెలియనివారు కనిపించని ఆకాశం మీద కూడా ఒక తలాన్నీ, ఒక మాలిన్యాన్నీ ఆరోపించి చూస్తారని అక్కడి భావం. ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద పెట్టి చూడడమే అధ్యాస.

నీలిరంగు ఎక్కడిదో భౌతికశాస్త్రం మరో దారిలో చెబుతుంది. గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా వెదజల్లుతాయి. ఎరుపుతో పోలిస్తే నీలం నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. సాయంత్రం వెలుగు చాలా ఎక్కువ గాలిని దాటి రావాలి కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. మబ్బులోని నీటిబొట్లు అణువుల కంటే చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఒకేలా చెదరగొడతాయి. అందుకే మబ్బు తెల్లగా కనిపిస్తుంది. అది మందమయ్యే కొద్దీ అడుగుకు వెలుగు అందక కారుమబ్బు అవుతుంది. శంకరులు చెప్పింది భౌతికశాస్త్రం కాదు. రెండింటినీ కలిపి మన పూర్వులకు అన్నీ తెలుసుననడం రెండింటికీ అన్యాయమే. అయినా ఒక విషయంలో రెండు దారులూ కలుస్తాయి. ఫోటోలో పడేది గాలి, ధూళి, నీరు, వాటి మీద వెలుగు. ఆకాశం గొప్పగా ఉందని కెమెరా తీసిన ప్రతిసారీ ఆ గొప్ప అంతా వచ్చిపోయే వాటిదే.

ఇక అంచు సంగతి. మాండూక్య కారికల మూడో ప్రకరణంలో గౌడపాదులు ఘటాకాశం మాట ఎత్తుతారు. కుండలో ఉన్న ఆకాశం కుండ ఆకారంలో ఉన్నట్టు తోస్తుంది. కుండ పగిలితే అది ఎక్కడికీ పోదు, ఎక్కడి నుంచో వచ్చి కలవదు. హద్దు కుండదే. ఒక కుండలో పొగ, దుమ్ము చేరితే మిగతా కుండల్లోని ఆకాశానికి అవి అంటవని కూడా ఆయన చేర్చారు. జీవులు వేర్వేరుగా తోచినా ఆత్మ ఒక్కటేనని చెప్పడానికి వచ్చిన ఉదాహరణ ఇది. వేదాంతులు ఇలాంటి హద్దును ఉపాధి అంటారు. ఫోటో చట్రం అచ్చంగా ఒక ఉపాధి. నాలుగు గీతల మధ్య ఉన్నది నాలుగు గీతల ఆకారంలో ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

అయితే ఫోటోకు ఘటాకాశం కన్నా దగ్గరి ఉదాహరణ విద్యారణ్యుల పంచదశిలో ఉంది. ఆరో ప్రకరణం పేరే చిత్రదీపం. అందులో ఆయన నాలుగు ఆకాశాలను చూపిస్తారు: కుండలోనిది ఘటాకాశం, హద్దు లేనిది మహాకాశం, కుండలోని నీటిలో మబ్బులతో చుక్కలతో సహా ప్రతిఫలించేది జలాకాశం, మబ్బులోని నీటి తుంపరల్లో ప్రతిఫలిస్తుందని ఊహించవలసినది మేఘాకాశం. వీటిని వరుసగా కూటస్థుడికి, బ్రహ్మానికి, జీవుడికి, ఈశ్వరుడికి పోలుస్తారు. లెన్సు వెనుక సెన్సర్ మీద ఏర్పడేది జలాకాశం లాంటిది. అందులో మబ్బులున్నాయి, చుక్కలున్నాయి, కానీ అది ప్రతిబింబం. కుండకున్న హద్దు దానికీ ఉంది. నీరు కదిలితే అది కదులుతుంది, పైనున్న ఆకాశం కదలదు. చెయ్యి వణికితే ఫోటోలో మబ్బు చెదురుతుంది, ఒరిగిన కెమెరాలో సముద్రం ఒక పక్కకు ఒలికిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇవన్నీ పాత్ర దోషాలే.

అదే ప్రకరణం బట్ట మీద బొమ్మతో మొదలవుతుంది. బట్టకు నాలుగు దశలు: ఉతికినది, గంజి పెట్టి సాపు చేసినది, గీతలు గీసినది, రంగులు నింపినది. శ్రీకాళహస్తి కలంకారీలో నేటికీ దాదాపు ఇదే వరస. బట్టను ఉతికి, కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరబెట్టి, ఇనుము, బెల్లం ఊరబెట్టి తయారు చేసిన నల్లరంగుతో గీతలు గీసి, ఆపైన రంగులకు వెళతారు. విద్యారణ్యులు ఇక్కడ ఒక సూక్ష్మం పట్టుకున్నారు. బొమ్మలోని మనుషులు తొడుక్కున్న బట్టలు కూడా బట్టల్లాగే కనిపిస్తాయి. వాటిని మోస్తున్న అసలు బట్ట మాత్రం చూసేవారి ధ్యాసకు రాదు. ఆకాశం ఫోటోలోనూ జరిగేది ఇదే. మబ్బుల నాటకం చూస్తూ, ఆ మబ్బులకు చోటిచ్చినదాన్ని చూసేవారు మరిచిపోతారు. మంచి కూర్పు ఆ మరుపును కొంతైనా వదిలిస్తుంది. ఫ్రేమ్ నిండా మబ్బులే కుక్కిన ఫోటో కంటే, ఒక పక్క ఖాళీ వదిలిన ఫోటోలో మబ్బుకు బరువెక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఖాళీకి చట్రం కట్టి పూజించే చోటు ఒకటి దక్షిణాదిలోనే ఉంది. పంచభూత క్షేత్రాల్లో వాయువుకు శ్రీకాళహస్తి ఎలాగో, ఆకాశానికి చిదంబరం అలాగ. అక్కడ నటరాజస్వామి పక్కన ఒక తెర ఉంటుంది. అర్చకులు దాన్ని పక్కకు తీసినప్పుడు కనిపించేది వేలాడే బంగారు మారేడు దళాల మాలలు, వాటి వెనుక ఖాళీ. చిదంబర రహస్యం అదే. తెర లేకపోతే ఆ ఖాళీని ఎవరూ చూడరు. హద్దు పెట్టడం వల్ల ఆకాశం చిన్నదవుతుందన్న భయానికి ఇంతకు మించిన జవాబు దొరకదు.

కూర్పులో మొదటి నిర్ణయం దిగంతరేఖ ఎక్కడన్నది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడు జేకబ్ వాన్ రైస్‌డాల్ హార్లెమ్ ఊరిని గీసినప్పుడు మూడింట రెండు వంతుల కాన్వాసును మబ్బులకే ఇచ్చాడు. ఊరు, చర్చి, ఎండలో ఆరేసిన తెల్లబట్టలు అడుగున సన్నని పట్టీలో ఒదిగాయి. ఈ నిష్పత్తికి పేరు పెట్టింది ఆంగ్లేయుడైన జాన్ థామస్ స్మిత్. 1797లో అచ్చయిన పుస్తకంలో ఆయన దీన్ని మూడింట ఒక వంతు నియమంగా చెప్పి, ఆకాశం మూడో వంతో, మూడింట రెండు వంతులో ఉండాలన్నాడు. ఇప్పటి కెమెరా తెరల మీద కనిపించే గళ్ళ గీతలకు మూలం అదే. అది సౌకర్యమే గానీ శాసనం కాదు. జపాన్ ఫోటోగ్రాఫర్ హిరోషి సుగిమోటో 1980 నుంచి తీస్తున్న సముద్ర చిత్రాల్లో నీరు సగం, ఆకాశం సగం. సరిగ్గా నడిమికి గీసిన ఆ గీతలో కథ ఏమీ జరగదు. చూపు ఎటూ పోలేక నిలిచిపోతుంది. ధ్యానానికి అది తగినది, తుపాను మబ్బుకు తగదు. మబ్బే ముఖ్యమైనప్పుడు నేలను ఐదో వంతుకో అంతకంటే తక్కువకో దించవచ్చు. పూర్తిగా తీసేయడం మాత్రం వేరే నిర్ణయం. నేల పోతే కొలత పోతుంది.

ఆ కొలత సంగతి జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1790 నాటి సౌందర్య విచారంలో బాగా కనిపిస్తుంది. అందం వస్తువు రూపానికి సంబంధించినది, రూపమంటే హద్దు. ఉదాత్తమైనది మాత్రం రూపం లేనిదానిలోనూ, హద్దు తోచనిదానిలోనూ ఉండవచ్చు. ఉరుములు మెరుపులతో పోగుపడే మబ్బులు ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి. చూసేవాడు భద్రమైన చోట ఉంటేనే ఆ భయం ఆకర్షణగా మారుతుందని బ్రిటిష్ రచయిత ఎడ్మండ్ బర్క్ 1757లోనే చెప్పాడు, కాంట్ కూడా ఒప్పుకున్నాడు. కాంట్ ఇంకో అడుగు వేసి, ఉదాత్తత మబ్బులో లేదు, దాన్ని కొలవబోయి ఓడిపోయి, తనలో అంతకంటే పెద్దదొకటి ఉందని గుర్తించే మనసులో ఉంది అన్నాడు.

ఇక్కడే ఫోటోగ్రాఫర్‌కు ఇబ్బంది ఎదురవుతుంది. నాలుగు అంచులున్న కాగితం హద్దులేనిదాన్ని ఎలా చూపిస్తుంది? క్యుములోనింబస్ అనే ఉరుముల మబ్బును అడుగు నుంచి, దాగలిలా విస్తరించిన తల దాకా మొత్తం ఫ్రేమ్‌లో పట్టిస్తే దానికి రూపం వస్తుంది. చూసేవారు మెచ్చుకుంటారు, కానీ వారికి అది ఒక వస్తువు. అదే మబ్బును ఫ్రేమ్ పై అంచు దగ్గర గట్టిగా కోసేస్తే, అది ఎంత దూరం పోయిందో ఊహ తేల్చుకోలేదు. ఆ తేల్చుకోలేకపోవడమే కాంట్ చెప్పిన ఓటమి. కాబట్టి కోత పిరికిగా ఉండకూడదు. మబ్బు కొసను ఒక వేలు మేర తెంచితే పొరపాటున పోయిందనిపిస్తుంది. మూడో వంతు తెంచితే అది మాటగా వినిపిస్తుంది. కింద ఒక తాటిచెట్టో, గుడిసె కప్పో, గట్టు మీద మనిషో ఉంటే ఊహకు కొలబద్ద దొరుకుతుంది. ఆ కొలబద్ద ఎంత చిన్నదైతే మబ్బు అంత పెద్దది. తుపాను ఆకాశాన్ని 16:9 పట్టీగా క్రాప్ చేయడం ఇప్పుడు అలవాటుగా మారింది గానీ, చాలాసార్లు అది ఎత్తును బలి ఇచ్చి వెడల్పును కొనుక్కోవడమే. మబ్బు నిలువుగా పెరిగే చోట నిలువు ఫ్రేమే న్యాయం.

మబ్బు సందుల్లోంచి దిగే కిరణాలు ఈ చర్చలో ప్రత్యేకంగా చూడదగినవి, ఎందుకంటే దేవుడి జాడగా లోకమంతా చదివే దృశ్యం అది. సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆయన నుంచి వచ్చే కిరణాలు మనకు చేరేసరికి దాదాపు సమాంతరాలు. ఒక బిందువు నుంచి విచ్చుకున్నట్టు కనిపించడం, రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించడం లాంటిదే. సూర్యాస్తమయ వేళ వెనక్కి తిరిగి తూర్పు దిక్కుకు చూస్తే, అవే కిరణాలు నెత్తి మీదుగా సాగి అక్కడ మళ్ళీ ఒక బిందువు వైపు దగ్గరపడడం కొన్నిసార్లు కనిపిస్తుంది. అంటే కలిసే చోటు ఆకాశంలో లేదు, నిలబడి చూసేవారి స్థానంలో ఉంది. క్రాప్ దీన్ని ఎటైనా తిప్పగలదు. కిరణాల మొదలును ఫ్రేమ్‌లో ఉంచితే ఎవరో పైనుంచి పంపిస్తున్నట్టు ఉంటుంది. పై భాగం తీసేసి నేల మీద పడే వెలుగు మడుగులను మాత్రమే ఉంచితే పంపేవారు మాయమై, పొలం మీద పడిన దయ ఒక్కటే మిగులుతుంది. రెండోదే గాఢమైన భక్తి చిత్రం అనిపిస్తుంది. కిరణాలు సమాంతరాలని తెలిసినంత మాత్రాన భక్తుడికి నష్టం లేదు. గుర్తు ఆకాశంలో ఉందా, చూపులో ఉందా అన్న ప్రశ్న మతంలో కొత్తదేమీ కాదు.

నేలను పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ పన్నెండేళ్ళ పాటు పరీక్షించాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ దగ్గర 1922లో మబ్బులు తీయడం మొదలుపెట్టాడు. ఆయన ఫోటోల బలం ఎదుట కూర్చున్న మనుషుల మీద ఆయనకున్న పట్టు వల్ల వచ్చిందని ఒకరు రాశారు. దానికి జవాబుగా, ఎవరి పట్టుకూ లొంగని, ఎవరికైనా ఉచితంగా దొరికే మబ్బులను ఎంచుకున్నానని ఆయన మరుసటి ఏడు రాశాడు. మొదటి వరసలో కింద కొండలుండేవి. తర్వాత చిన్న కెమెరాకు మారాక అవి చాలా మటుకు మాయమయ్యాయి. 1925 నుంచి వాటిని ఈక్వివలెంట్స్ అన్నాడు, అంటే తన లోపలి స్థితికి సమానమైనవి. అరచేతిలో పట్టే ఆ ప్రింట్లు రెండు వందలకు పైగా ఉన్నాయి. చాలావాటిలో ఏది పైనో ఏది కిందో తేలదు. విమర్శకురాలు రోజలిండ్ క్రౌస్ 1979లో రాసిన వ్యాసంలో, వీటి అసలు విషయం మబ్బు కాదు, కోతే అని వాదించింది. అంతులేని దాని నుంచి ఒక ముక్కను విడదీసే పని బయటపడేది అక్కడే అని ఆమె మాట. ఈ వాదం నిలుస్తుంది. ఆ ఫోటోల ముందు నిలబడినవారికి కాళ్ళ కింద నేల ఉన్నట్టు తోచదు.

దీనికి అవతలి కొసన మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన హెర్నాండెజ్ చంద్రోదయం ఉంది. న్యూమెక్సికోలో కారులో వెళుతుండగా హెర్నాండెజ్ అనే చిన్న ఊరు, చర్చి, సమాధుల తెల్ల శిలువలు, వాటిపైన చంద్రుడు కనిపించాయి. వెలుగు కొలిచే మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళన్న లెక్క ఆయనకు గుర్తుంది. దాన్నిబట్టి ముదురు పసుపు ఫిల్టర్‌తో, ఎఫ్/32 దగ్గర ఒక సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండో నెగటివ్‌కు సిద్ధమయ్యేలోపే శిలువల మీది ఎండ పోయింది. తేదీ రాసుకోలేదు. చంద్రుడి స్థానాన్నిబట్టి ఖగోళ గణితం చేసినవారు చివరకు 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని తేల్చారు.

ఈ ఫోటో పాత ప్రింట్లలో ఆకాశం పై భాగాన లేత మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి ప్రింట్లలో అక్కడ దాదాపు నలుపే. ఆ మబ్బులు ఆడమ్స్‌కు అడ్డుగా తోచాయి. డార్క్‌రూమ్‌లో ఆ భాగానికి ఎక్కువ వెలుగిచ్చి ముంచేశాడు. అంచు కదలకుండానే చేసిన కత్తిరింపు ఇది. ఫలితంగా ఒక్క చంద్రుడు, కింద ఒక్క మబ్బుపట్టీ, ఆ కింద ఊరు మిగిలాయి. ఆయన దృష్టిలో నెగటివ్ స్వరం రాసిన కాగితం, ప్రింట్ ఆ స్వరాన్ని పాడడం. అబద్ధమా ఇది? ఆ సాయంత్రం ఆకాశం నల్లగా లేదన్నది నిజం. చంద్రుడు ఉన్నచోటే ఉన్నాడన్నదీ అంతే నిజం. ఎంత నిజమంటే దాని మీద నిమిషాలతో సహా లెక్క కట్టగలిగారు.

క్రాప్ చేయడం తప్పనేవారు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసోను సాక్ష్యంగా తెస్తారు. షటర్ నొక్కిన క్షణంలో కుదిరిన కూర్పును తర్వాత ముట్టుకోకూడదన్నది ఆయన నిష్ఠ. కానీ నీటిమడుగు మీదుగా దూకే మనిషిని 1932లో తీసిన ఆయన ప్రసిద్ధ చిత్రం క్రాప్ చేసినదే. కంచె సందులోంచి తీయడం వల్ల ఒక పక్క అడ్డు వచ్చింది. తత్త్వవేత్త స్టాన్లీ కావెల్ 1971లో ఈ నిష్ఠకు అడుగున ఉన్న, తీసేటప్పటి కోతకూ తర్వాతి కోతకూ మధ్య తేడానే ప్రశ్నించాడు. కాగితం కోసే కత్తి రాకముందే కెమెరా లోకాన్ని కోసేసింది, మిగతా లోకం ఫోటో అంచు అవతల ఉండనే ఉంది అన్నది ఆయన వాదన సారం. సాంకేతికంగానూ ఇదే సరి. ఒకే చోట నిలబడి 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీసి పొడవునా వెడల్పునా సగానికి క్రాప్ చేసినా, 100 మిల్లీమీటర్ల లెన్సుతో తీసినా దృక్కోణంలో తేడా రాదు. 24 మెగాపిక్సెళ్ళు 6కి తగ్గుతాయి, అంతే.

మరి హద్దు ఎక్కడ? 1850ల నాటి ఫోటో పలకలకు నీలం వెలుగు మీద అతి సున్నితత్వం ఉండేది. నేలకు సరిపడే ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం వట్టి తెలుపయ్యేది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొకటి తీసి దిగంతరేఖ దగ్గర అతికాడు. 1857 నాటి సేట్ తీరపు పెద్ద అల అలా పుట్టింది. అంతవరకు అది పలక అశక్తతను దాటే ఉపాయం. కానీ ఆయన ఒకే ఆకాశాన్ని వేర్వేరు సముద్రాల మీద కూడా వాడాడు. అక్కడ గీత దాటింది. 2020 అక్టోబరులో ఫోటోషాప్‌లోకి వచ్చిన స్కై రీప్లేస్‌మెంట్ ఆ పనిని ఒక్క నొక్కుకు తెచ్చింది. ఏ ఊరి మీదైనా ఏ ఆకాశమైనా పరవవచ్చు.

కోతకూ ఈ అతుకుకూ తేడా పరిమాణంలో లేదు, జాతిలో ఉంది. కోసినప్పుడు ఉన్నదానిలో కొంత చూపించకుండా పోతారు; చూసేవారికి అంచు కనిపిస్తూనే ఉంటుంది, అవతల ఇంకేదో ఉందని వారికి తెలుసు. ఉపాధి తన హద్దును దాచుకోదు. అతికినప్పుడు లేనిదాన్ని ఉన్నదాని మీద పెడతారు, అంచు కనిపించకుండా జాగ్రత్త పడతారు. శంకరులు వివరించిన అధ్యాస తెలియక జరిగేది. ఇది తెలిసి మరొకరికి కలిగించే అధ్యాస. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ నియమాలు క్రాప్‌ను ఒప్పుకుని, చేర్చడాన్నీ తొలగించడాన్నీ నిషేధించడంలో ఈ వివేకమే ఉంది. కోత కూడా అబద్ధమాడగలదన్నది మరువరాదు. పొగగొట్టాన్ని పక్కకు కోసేసి, దాని పొగను అడవి మీది వానమబ్బుగా చూపితే ఆ కోత అతుకుతో సమానం. కూర్పుగా చూపే చిత్రాల్లో అతుకుకూ చోటుంది, అది అతుకని చెప్పినప్పుడు. చూసినదిగా చూపే ఫోటోలో వేరే ఊరి ఆకాశాన్ని తెచ్చి పెట్టడం తప్పు. ఎంత అందంగా కుదిరినా అది తప్పే.